నెత్తిన టోపీ అంటే నామోషీ!

అమలాపురం: బడి గంటకు అరగంట ముందు కోనసీమలో ఏ కాలువ గట్టున నిలబడినా సైకిళ్ల బారు కనిపిస్తుంది. యూనిఫారం, వెనుక క్యారేజీపై పుస్తకాల సంచీ, కొందరికి ముందు కడ్డీపై తమ్ముడు కూడా. తలపై హెల్మెట్ మాత్రం ఎక్కడో గాని కానరాదు.

ఎందుకు పెట్టుకోరంటే పిల్లల దగ్గర జవాబులకు కొదవ లేదు. కొబ్బరినూనె రాసిన తల ఉక్కపోతలో ఉడికిపోతుందనేది మొదటిది. అది అబద్ధమేమీ కాదు. రెండు మడత జడలు వేసుకునే ఆడపిల్లలకు చెవుల దగ్గర పట్టీ కుదరదు. అయితే అడగ్గా అడగ్గా బయటపడే సంగతి వేరు. తోటివాళ్లు నవ్వుతారు! బడి మొత్తానికి ఒక్కడే పెట్టుకు వెళితే సాయంత్రానికి వాడికో మారుపేరు ఖాయం. అదే వీధిలో పదిమందీ పెట్టుకుంటే నవ్వేవారెవరు? ఇరుగుపొరుగు తలిదండ్రులు కూడబలుక్కుని ఒకేసారి కొనిపెట్టవలసింది అందుకే.

పెద్దలకు గుచ్చుకునే మాట మరొకటుంది. నాన్నగారి హెల్మెట్ మోటారు సైకిలు అద్దానికి వేలాడుతూ ఉంటుంది. పోలీసులు కనిపిస్తే తలకెక్కుతుంది. అది రోజూ చూసే పిల్లవాడికి హెల్మెట్ అంటే జరిమానా తప్పించుకునే సాధనమే గాని తలను కాచేది కాదు. సైకిలుకు జరిమానా లేదు కనుక టోపీతో పనేమిటని వాడి లెక్క.

నిజమే, సైకిలు మోటారు వాహనం కాదు కాబట్టి హెల్మెట్ చట్టం దానికి వర్తించదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం మోటారు సైకిలు ఎక్కే నాలుగేళ్లు దాటిన ప్రతివారికీ హెల్మెట్ తప్పనిసరి చేసింది. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పసివారికి కూడా 2023 ఫిబ్రవరి 15 నుంచి ఆ నిబంధన వచ్చింది. వారికి సైకిలు హెల్మెట్ పెట్టినా చాలునని అందులో ఉండటం విశేషం. నాన్న బండిపై పెట్టుకున్న అదే టోపీ సొంత సైకిలెక్కే నాటికి అలవాటుగా మారవచ్చు.

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 1990లోనే సైకిలుకు హెల్మెట్ తప్పనిసరి చేసింది. ఆ తర్వాత మెల్బోర్నులో టీనేజి పిల్లలు సైకిలెక్కడమే తగ్గించారని లెక్కలు తేలాయి. నామోషీ ఒక్క కోనసీమ సొత్తు కాదన్నమాట.

కోనసీమ గట్టు రోడ్లు ఇరుకు. ఒక పక్క కాలువ, మరో పక్క పల్లపు చేను. కొబ్బరికాయల లారీ ఎదురైతే సైకిలు అంచుకు దిగవలసిందే. వానాకాలంలో ఆ అంచు జారుడు. పక్కగోడ లేని కల్వర్టు దగ్గర పట్టు తప్పితే తల తగిలేది సిమెంటుకే. లారీ చక్రం నుంచి ఏ టోపీ కాపాడలేదు. కల్వర్టులకు గోడలు కట్టడం, గట్ల అంచులు పూడ్చడం అధికారుల వంతు. సైకిలు మీద నుంచి పడిన దెబ్బకు మాత్రం టోపీ అడ్డుపడుతుంది. లోపలి థర్మోకోల్ వంటి పొర తాను నలిగిపోయి దెబ్బ జోరును తగ్గిస్తుంది.

కొనేటప్పుడు పిల్లవాడిని వెంట తీసుకువెళ్లాలి. రంగు వాడినే ఎంచుకోనిస్తే సగం పేచీ తీరుతుంది. పెద్దయ్యాక కూడా పనికి వస్తుందని వదులుగా ఉన్నది కొనరాదు. కనుబొమలకు రెండు వేళ్ల ఎత్తులో నిలవాలి, గడ్డం కింద పట్టీ బిగియాలి. నాన్నగారి మోటారు సైకిలు హెల్మెట్ పిల్లల తలకు బరువు, వదులు కూడా. ఆడపిల్లలకు మెడ దగ్గర కిందికి ఒంటి జడ వేస్తే పట్టీ కుదురుతుంది. ఒకసారి గట్టి దెబ్బ తగిలిన టోపీ పైకి చక్కగా కనిపించినా లోపలి పొర నలిగి ఉంటుంది. దానిని తమ్ముడికి ఇవ్వకుండా పారవేయాలి.