పండితుల రాతలే సాక్ష్యం

1925లో తణుకులో ఆంధ్ర సాహిత్య పరిషత్తు సభ. అరవై దాటిన ఓ రిటైర్డ్ మేష్టరు లేచి నాలుగు గంటలు మాట్లాడారు. గ్రాంథికంలో తప్పు లేకుండా రాయగలిగినవాళ్లు ఒక్కరూ లేరన్నది ఆయన వాదన. అందుకు తెచ్చిన సాక్ష్యాలు ఎక్కడివో కావు, గ్రాంథికాన్ని నెత్తిన పెట్టుకున్న పండితుల రాతలే. ఏ సూత్రాన్ని ఎవరు ఎక్కడ మీరారో ఉదాహరణలతో సహా విప్పి చూపించారు.

ఆయన గిడుగు వెంకట రామమూర్తి. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకునేది ఆయన పుట్టినరోజు అనే. వాడుక భాష కోసం పోరాడారని బడిపిల్లలకూ తెలుసు. ఆ పోరాటానికి కావలసిన సరంజామా ఎక్కడ సంపాదించారన్నది మాత్రం అంతగా ఎవరూ పట్టించుకోరు.

1863లో శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. తండ్రి చిన్నప్పుడే పోయారు. విజయనగరంలో చదివేటప్పుడు గురజాడ అప్పారావు సహాధ్యాయి. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ఉద్యోగం దొరికింది. చరిత్ర పాఠాలు చెబుతూ, శ్రీముఖలింగం గుళ్లోని శాసనాల లిపిని సొంతంగా కూడబలుక్కుని నేర్చుకున్నారు. పాత రాతలో మాట ఎలా ఉండేది, ఎలా మారుతూ వచ్చింది అని ఆరా తీసే అలవాటు అక్కడే మొదలై ఉండాలి.

దానికి పదును పెట్టింది మాత్రం సవరలు. పర్లాకిమిడి చుట్టుపక్కల కొండల్లో ఉండే ఈ గిరిజనుల భాష తెలుగుకు చుట్టం కాదు, ముండా కుటుంబానిది. అప్పటికి దానికి సొంత లిపి లేదు. రామమూర్తి తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒకాయన్ని ఇంట్లోనే పెట్టుకుని నేర్చుకోవడం మొదలుపెట్టారు. ఏళ్లు పట్టింది. గొంతులో ఊపిరి టక్కున తెగి ఆగిపోయే ధ్వని ఒకటుంది ఆ భాషలో. మన అక్షరాల్లో దానికి చోటు లేదు. అలాంటివి పట్టుకోవాలంటే చెవి ఒక్కటే చాలదని ధ్వనిశాస్త్రం కూడా చదువుకున్నారు. నేర్చుకున్నది తన దగ్గరే దాచుకోలేదు. సవరలో వాచకాలు రాశారు, కథలూ పాటలూ పోగుచేశారు, సొంత డబ్బుతో బళ్లు పెట్టి సవర పిల్లలకు సవరలోనే పాఠాలు చెప్పించారు. మద్రాసు ప్రభుత్వం ఆ పుస్తకాలకు ప్రతిఫలం ఇవ్వబోతే, ఆ డబ్బుతో బడి పెట్టమన్నారు.

మన్యంలో తిరిగినందుకు విషజ్వరం పట్టుకుంది. దానికి మింగిన క్వినైన్‌తో చెముడొచ్చింది, చివరిదాకా వదల్లేదు. వినడమే పనిగా పెట్టుకున్న మనిషికి ఇంతకన్నా కష్టం ఏముంటుంది!

వాడుక భాష గొడవలోకి ఆయన దిగింది నలభై దాటాకే. స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ.యేట్స్ అనే ఇంగ్లీషు దొరకు, జనం మాట్లాడే తెలుగుకూ పుస్తకాల్లోని తెలుగుకూ పొంతన కనబడలేదు. ఆ సందేహం రామమూర్తి దాకా వచ్చేసరికి సగం జవాబు ఆయన దగ్గర సిద్ధంగానే ఉంది. సవర పిల్లవాడికి ఇంటి మాటలోనే పాఠం చెప్పాలని పట్టుబట్టిన మేష్టరుకు, తెలుగు పిల్లవాడి సంగతి వేరుగా ఎందుకు తోస్తుంది?

1911లో ఉద్యోగ విరమణ తర్వాత ఇక ఇదే పని. 1919లో ‘తెలుగు’ అనే పత్రిక పెట్టారు. ‘బాలకవి శరణ్యం’, ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం’ లాంటి పుస్తకాలు రాశారు. ఆ రెండో పేరు చూస్తే చాలు, తగలాల్సినవాళ్లకు తగులుతుంది. పుస్తకం వెంట పుస్తకం తిరగేసి తప్పుల పట్టిక వేయడం గుమాస్తా ఓపికతో చేసే పని. ఆ పట్టికకు అలాంటి పేరు పెట్టడానికి, దాన్ని పట్టుకుని సభను నాలుగు గంటలు కూర్చోబెట్టడానికి కథకుడి నేర్పు కావాలి. రెండింట్లో ఏది కరువైనా తణుకు సభ అలా సాగేది కాదు.

ఇంత గొడవలోనూ సవర పని ఆగలేదు. వ్యాకరణం 1931లో వెలువడింది. పర్లాకిమిడిని ఒరిస్సాలో కలపడం ఆయనకు ఇష్టం లేదు. 1936లో కొత్త రాష్ట్రం ఏర్పడే రోజున ఆ ఊళ్లో ఉండనని రాజమండ్రి వెళ్లిపోయారు. సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో, ఆయనకు 75 ఏళ్లప్పుడు వచ్చింది. 1940 జనవరిలో ఆయన కన్నుమూశాక సవర భాష పనిని కొడుకు సీతాపతి కొనసాగించారు.