ఆ ఊళ్లో ఇంకా ఎంతమంది ఉన్నారు?

స్టార్మ్‌విండ్ నగరంలో ట్రేడ్ డిస్ట్రిక్ట్ అనే బజారు ఉంది. ఓ పక్క బ్యాంకు, దానికి కాస్త దూరంలో ఆక్షన్ హౌస్, బయట తపాలా పెట్టె. ఈ నగరం ఏ దేశపటంలోనూ దొరకదు. 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' అనే ఆన్‌లైన్ ఆటలో ఉంటుంది. చాలాకాలం తర్వాత ఆ ఆటకు తిరిగొచ్చినవాళ్లు ముందు ఈ బజార్లో నిలబడి చుట్టూ చూస్తారు. తపాలా పెట్టె దగ్గర ఎంతమంది ఉన్నారు? తలల మీద తేలుతున్న పేర్లలో తెలిసినవి ఏమైనా ఉన్నాయా? పదేళ్ల తర్వాత సొంతూళ్లో బస్సు దిగినవాడు టీకొట్టు బల్ల మీద ఎవరు కూర్చున్నారో చూసినట్టే ఉంటుంది ఆ చూపు.

ఆ చూపు వెనక ఒకటే ప్రశ్న. ఈ ఆటలో జనం పెరుగుతున్నారా, తగ్గుతున్నారా?

బయటివాళ్లకు ఇది పనిలేని ప్రశ్నలా అనిపించవచ్చు. కానీ క్యారమ్ బోర్డు ఇంట్లో ఉంటే సరిపోదు, ఎదురుగా కూర్చునేవాడు కావాలి కదా. ఒంటరిగా ఆడుకునే ఆటను ప్రపంచంలో ఒక్కడే ఆడుతున్నా దానికి వచ్చే లోటేమీ లేదు. పదిమంది కలిసి ఆడేదాంట్లో మాత్రం జనమే ఆట. జనం పోతే కోటలు, అడవులు, డ్రాగన్లు అన్నీ ఉంటాయి, ఆట ఉండదు. అందుకే నెలనెలా డబ్బు కట్టేవాడు, తన పాత్రను పెంచడానికి వందల గంటలు పెట్టినవాడు ఈ లెక్క అడుగుతాడు. అడిగే హక్కు అతనికి ఉంది.

కోటీ ఇరవై లక్షల నుంచి...

అమెరికాలోని బ్లిజార్డ్ కంపెనీ ఈ ఆటను 2004 నవంబరు 23న విడుదల చేసింది. నెలకు దాదాపు 15 డాలర్ల చందా. ఏడాదికేడాది జనం పెరుగుతూ పోయారు. 2010 అక్టోబరులో చందాదారులు కోటీ 20 లక్షలకు చేరారని కంపెనీ సగర్వంగా ప్రకటించింది. అదే శిఖరం. అక్కడి నుంచి దిగుడే. మధ్యలో 2014 నవంబరులో 'వార్లార్డ్స్ ఆఫ్ డ్రేనార్' అనే కొత్త భాగం రాగానే మళ్లీ కోటి దాటారు. ఆ సంబరం ఎంతోకాలం నిలవలేదు. 2015 మార్చి చివరికి 71 లక్షలు, జూన్ చివరికి 56 లక్షలు, సెప్టెంబరుకు 55 లక్షలు. ఆ నవంబరులో కంపెనీ ఒక నిర్ణయం తీసుకుంది. ఇకపై చందాదారుల సంఖ్య చెప్పబోమంది. వ్యాపారం ఎలా సాగుతోందో చెప్పడానికి అంతకంటే మంచి కొలమానాలు ఉన్నాయంది.

అప్పటినుంచి ఈ ఆట లోకం జనాభా లెక్కల్లేని దేశమైపోయింది.

అసలు ఆ పాత లెక్కయినా ఏమిటి? 'చందాదారుడు' అంటే ఎవరో కంపెనీ అప్పట్లో ప్రతి ప్రకటన కింద చిన్న అక్షరాల్లో రాసేది. నెల చందా కట్టినవాళ్లు, ఆట కొని మొదటి ఉచిత నెలలో ఉన్నవాళ్లు, చెల్లుబాటయ్యే ప్రీపెయిడ్ కార్డు ఉన్నవాళ్లు, గత 30 రోజుల్లో ఇంటర్నెట్ సెంటర్ నుంచి ఆడినవాళ్లు, అందరూ అందులోకే వచ్చేవారు. చైనాలో జనం గంటల లెక్కన డబ్బు కట్టి ఆడేవారు. నెలకో గంట ఆడిన చైనా కుర్రాడూ, రోజుకు ఆరు గంటలు ఆడిన అమెరికా కుర్రాడూ ఆ కోటీ 20 లక్షల్లో చెరొకటి. తప్పుడు లెక్క అనను. కానీ అది చందాల లెక్క, జనం లెక్క కాదు.

ఇతర ఆటల్లోనూ ఇదే చిక్కు. ఐస్‌లాండ్‌లో పుట్టిన 'ఈవ్ ఆన్‌లైన్' అనే అంతరిక్షపు ఆట ఎంతో నిజాయితీగా, ప్రస్తుతం ఎంతమంది లోపల ఉన్నారో లాగిన్ తెరమీదే చూపిస్తుంది. 2013 మే 5న ఒకేసారి 65,303 మంది ఉన్నారని రికార్డు. మరి ఆ ఆటలో ఒకే మనిషి రెండు మూడు ఖాతాలు నడపడం మామూలు. ఒక ఖాతాతో గనులు తవ్వుతూ, ఇంకో ఖాతాతో సరుకు మోస్తూ, మూడో దాంతో కాపలా కాస్తుంటాడు. తెరమీది అంకెలో అతను ముగ్గురు. 'టీమ్ ఫోర్ట్రెస్ 2' అయితే ఇంకా ఘోరం. అందులో ఏళ్ల తరబడి మనుషులతో పాటు బాట్లు, అంటే మనుషుల్లా ఆడే ప్రోగ్రాములు కూడా లెక్కలో కలిసిపోయాయి. అవి పెరిగినప్పుడు ఆట వర్ధిల్లుతున్నట్టు కనిపించింది. నిజానికి వాటి బాధ పడలేకే మనుషులు వెళ్లిపోయేవారు.

మన దగ్గర పబ్‌జీ మొబైల్ సంగతి ఇంటింటికీ తెలిసిందే. 2020 సెప్టెంబరు 2న కేంద్రం దాన్ని నిషేధించింది. 2021 జులైలో బీజీఎంఐ పేరుతో తిరిగొచ్చింది. 2022 జులైలో 10 కోట్ల మంది నమోదు చేసుకున్నారని ఆ ఆట కంపెనీ ప్రకటించింది. అదే నెలాఖరుకు యాప్ స్టోర్ల నుంచి ఆట మాయమైంది, మళ్లీ 2023 మేలో గానీ రాలేదు. ఈ 'నమోదు' అనే అంకెను నేను అసలు నమ్మను. ఎందుకంటే అది పెరగడమే తప్ప తగ్గడం ఎరగదు. మూడు రోజులు ఆడి ఫోన్లోంచి తీసేసిన విజయవాడ కుర్రాడు కూడా ఆ 10 కోట్లలో శాశ్వత సభ్యుడే. ఊరొదిలి ముప్పై ఏళ్లయినా ఓటర్ల జాబితాలో పేరున్నట్టు.

జాతర రోజు చూసి జనాభా చెప్పగలమా?

ఇక పెరుగుట, తరుగుట. వార్‌క్రాఫ్ట్‌కు రెండేళ్లకోసారి అటూఇటుగా కొత్త భాగం వస్తుంది. వచ్చిన వారం సర్వర్ల ముందు క్యూ. మూడు నాలుగు నెలలకు పలచబడుతుంది. ఇది మన జాతరల తీరే. జాతర రోజు ఊరిని చూసినవాడు లక్షమంది అంటాడు, మరుసటి నెల వచ్చినవాడు పాడుబడిందంటాడు. ఇద్దరూ చూసింది నిజమే, చెప్పింది నిజం కాదు. ఆట పెరుగుతోందో తరుగుతోందో తెలియాలంటే జాతరను జాతరతోనూ, మామూలు రోజును మామూలు రోజుతోనూ పోల్చాలి. గత భాగం వచ్చిన ఆరో నెలలో ఎంతమంది, ఈ భాగం వచ్చిన ఆరో నెలలో ఎంతమంది? అసలు లెక్క అది. దాన్నే ఎవరూ చెప్పరు.

2024 మార్చిలో ఒక విచిత్రం జరిగింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆటల తయారీదారుల సదస్సులో అప్పట్లో ఈ ఆట బాధ్యుడిగా ఉన్న జాన్ హైట్ తెరమీద ఓ గ్రాఫ్ పెట్టారు. ఏళ్ల తరబడి చందాలు ఎలా లేచాయో, ఎలా పడ్డాయో ఆ గీత చూపిస్తోంది. అంకెలు మాత్రం లేవు. ఆటగాళ్లు ఊరుకుంటారా? ఆ ఫొటో తీసుకుని, పాతరోజుల్లో కంపెనీయే ప్రకటించిన సంఖ్యలను గీత మీద గుర్తుపెట్టి, ఎత్తులు కొలిచి, అప్పటికి 70 లక్షల పైచిలుకు ఉంటారని తేల్చారు. అది అంచనాయే. అయినా ఆ రాత్రి స్కేలు పట్టుకుని కూర్చున్నవాళ్లను తలుచుకుంటే నాకు ముచ్చటేస్తుంది. వాళ్లు వాటాదారులు కారు, విలేకరులు కారు. తమ ఊరు బతికుందో లేదో తెలుసుకోవాలనుకున్నవాళ్లు.

అయితే 2015 నాటి 55 లక్షల నుంచి వచ్చిన ఆ పెరుగుదలలో ఒక మెలిక ఉంది. తొలినాటి ఆటే బాగుండేది, అదే మళ్లీ కావాలని ఎందరో ఏళ్లపాటు అడిగారు. కంపెనీ ఇవ్వకపోతే అనుమతి లేకుండా తామే సర్వర్లు పెట్టుకున్నారు. అందులో పేరుమోసిన 'నోస్టాల్‌రియస్'ను లాయర్ నోటీసుతో 2016 ఏప్రిల్‌లో మూయించారు. అప్పటికి అందులో లక్షన్నర మంది చురుగ్గా ఆడుతున్నారని నిర్వాహకులు చెప్పారు. ఆ ఆకలి ఎంతటిదో కంపెనీకి అప్పుడు అర్థమైంది. 2019 ఆగస్టులో 'క్లాసిక్' పేరుతో పాత ఆటను తనే తెరిచింది. ఒక త్రైమాసికంలో చందాలు అంతగా పెరగడం ఆ ఆట చరిత్రలోనే లేదని ఆ ఏడాది ప్రకటించింది. పాత ఆటకూ కొత్త ఆటకూ చందా ఒకటే. ఇప్పుడు చెప్పండి, పెరిగింది ఏ ఆట? ఇరవై ఏళ్లుగా కడుతూ వచ్చిన కొత్త మేడా, వెనక ఉన్న పాత పెంకుటిల్లా?

కళ్లతో చూసి తేల్చుకుందామంటే అదీ కుదరదు. జనం పలచబడిన సర్వర్లను కంపెనీ ఒకదానితో ఒకటి కలిపేసింది. జనం ఎక్కువైన చోట అదే అడవికి, అదే బజారుకి రెండు మూడు ప్రతులు తీసి మనుషుల్ని పంచుతుంది. మీకు తపాలా పెట్టె దగ్గర ఇరవైమంది కనిపించారంటే అక్కడ ఇరవైమందే ఉన్నారని కాదు, మీ ప్రతిలోకి ఇరవైమందిని వేశారని. గుంపూ నమ్మదగ్గది కాదు, ఖాళీ కూడా నమ్మదగ్గది కాదు.

నాకు కావలసిన నలుగురు

మరి సామాన్యుడికి దారేది? నా దృష్టిలో గట్టి కొలత ఒక్కటే. ఈ రాత్రి తొమ్మిదింటికి నేను లాగిన్ అయితే, నా స్థాయిలో, నాతో ఆడటానికి నలుగురు దొరుకుతారా?

ఈ ఆటలో డంజన్ అనే గుహలోకి అయిదుగురు జట్టుగా వెళ్లాలి. దెబ్బలు కాచుకునే ట్యాంక్ ఒకరు, గాయాలు మాన్పే హీలర్ ఒకరు, శత్రువును కొట్టేవాళ్లు ముగ్గురు. కొట్టేవాళ్లు ఎప్పుడూ పుష్కలం. కష్టమైన ట్యాంక్ పని నెత్తినేసుకునేవాళ్లు తక్కువ. బటన్ నొక్కి వరసలో నిలబడిన కొట్టేవాడు ఇరవై నిమిషాలు, అరగంట ఎదురుచూస్తుంటాడు. ట్యాంక్ నొక్కీనొక్కగానే లోపలికి వెళ్తాడు. ఆ ఎదురుచూసేవాడు విసిగి 'ఆట చచ్చింది' అంటాడు. ఆట చావలేదు, ట్యాంకులు తగ్గారు. ప్రపంచవ్యాప్తంగా 70 లక్షల మంది ఉంటే అతనికేం ఒరిగింది? అతనికి కావలసింది ఒక్కడు.

'చచ్చిన ఆట' అన్న మాటకు మాత్రం చంపే శక్తి నిజంగా ఉంది. కొత్తవాడు ఆ మాట విని రాకుండా ఆగిపోతాడు. అతను రానందుకు పాతవాడికి జట్టు దొరకదు. అతను మానేస్తాడు. బ్యాంకు దివాలా తీస్తుందన్న పుకారుకే బ్యాంకు మునిగినట్టు. 2024 ఆగస్టు 23న సోనీ విడుదల చేసిన 'కాంకర్డ్' అనే ఆటకు మొదటి రోజు నుంచే జనం రాలేదు, రాలేదన్న వార్త చూసి రావాలనుకున్నవాళ్లూ ఆగారు. రెండు వారాలకు, సెప్టెంబరు 6న దాన్ని మూసేశారు.

జనం తామంతట తాము పోవడం వేరు, పొమ్మనడం వేరు. చైనాలో వార్‌క్రాఫ్ట్‌ను నడిపే నెట్‌ఈజ్‌కూ బ్లిజార్డ్‌కూ ఒప్పందం తెగిపోయి, 2023 జనవరి 23 అర్ధరాత్రి అక్కడి సర్వర్లు ఆగిపోయాయి. ఏళ్ల తరబడి పెంచుకున్న పాత్రల సమాచారాన్ని ముందుగా తమ కంప్యూటర్లలోకి దాచుకోమన్నారు. సామాన్లు మూటగట్టుకుని తలుపు తాళం వేసినట్టు. కొందరు తైవాన్ సర్వర్లకు వలసపోయారు, మిగతావాళ్లు ఎదురుచూశారు. 2024లో ఒప్పందం మళ్లీ కుదిరి సర్వర్లు తెరుచుకున్నాయి. వాళ్లు వెనక్కొచ్చారు. ఆ ఏడాదిన్నర తరుగుదలను ఆసక్తి తగ్గడం అనగలమా?

ఈ లెక్కలన్నీ చూస్తూ నేను ఆగిపోయిన చోటు ఒకటుంది. నార్వేలో మాట్స్ స్టీన్ అనే యువకుడు ఉండేవాడు. పుట్టుకతోనే డుషేన్ కండరాల క్షీణత. చక్రాల కుర్చీ, క్రమంగా కదలని చేతులు. రోజంతా కంప్యూటర్ ముందే. బిడ్డకు స్నేహితుల్లేరే, ప్రేమ అంటే ఏమిటో తెలియకుండానే పోతాడే అని తల్లిదండ్రులు కుమిలిపోయేవారు. 2014 నవంబరులో, 25 ఏళ్ల వయసులో అతను చనిపోయాడు. తండ్రి అతని బ్లాగు తెరిచి కొడుకు మరణవార్త రాశాడు, కింద ఒక ఈమెయిల్ చిరునామా పెట్టాడు. దానికి ఉత్తరాలు మొదలయ్యాయి. ఒకటి కాదు, రెండు కాదు. వార్‌క్రాఫ్ట్‌లో ఐబెలిన్ అనే పేరుతో తిరిగిన ఆ అబ్బాయి తమను ఎలా ఓదార్చాడో, ఏ గడ్డు రోజుల్లో తోడు నిలిచాడో రాస్తూ ఎవరెవరో ఉత్తరాలు. అంత్యక్రియలకు వేరే దేశాల నుంచి వచ్చారు. అతని గిల్డు, అంటే ఆటలోని అతని బృందం 'స్టార్‌లైట్', ఏటా ఆట లోపల గుమిగూడి అతన్ని తలుచుకుంటుంది. బెంజమిన్ రే తీసిన డాక్యుమెంటరీ 2024లో వచ్చాక ఈ సంగతి లోకానికంతా తెలిసింది.

చందాదారులు మళ్లీ కోటి దాటారని కంపెనీ ప్రకటించింది సరిగ్గా ఆ నవంబరులోనే. గ్రాఫులో అది పైకి లేచిన గీత. స్టార్‌లైట్ వాళ్లకు మాత్రం ఆ నెల ఒకడు తగ్గిన నెల.

నా తీర్పు అడిగితే: వార్‌క్రాఫ్ట్ 2010 నాటి కంటే తగ్గింది, 2015 నాటి లోతు నుంచి తేరుకుంది, చావు మాత్రం దాని దరిదాపుల్లో లేదు. మీరు ఏ ఆటకైనా డబ్బు కట్టేముందు రికార్డు అంకెలు చూడకండి. పండగ లేని ఓ మామూలు బుధవారం రాత్రి, మీరు ఆడే వేళకు లోపలికి వెళ్లి జట్టు ఎంతసేపట్లో దొరుకుతుందో చూడండి. ఒక చిన్న గిల్డులో చేరి పేరు పెట్టి పలకరించేవాళ్లు ఉన్నారేమో చూడండి. ఇక కంపెనీలకు నా విన్నపం ఒకటే. నెలనెలా మా దగ్గర డబ్బు తీసుకుంటున్నారు. నెలకొక్కసారి, ఆ నెలలో నిజంగా ఆడినవాళ్లు ఎంతమందో, ఏ సర్వర్లో ఎంతమందో అంకె వేసి చెప్పండి. తగ్గినా సరే, చెప్పండి.