బంతి కంటే ముందు చెయ్యి చెప్పేస్తుంది

తాల్‌బగీచా అంటే తాటితోపు. మేము ఖరగ్‌పూర్ వచ్చిన కొత్తలో నాన్న ఈ మాట చెబితే, తాటిచెట్లు ఎక్కడున్నాయా అని నేను వెతికాను. చెట్లకన్నా ఇళ్లే ఎక్కువ కనిపించాయి. ఇళ్ల మధ్య కాస్త ఖాళీ జాగా ఉంటే చాలు, అక్కడ మూడు కర్రలు పాతి టెన్నిస్ బంతితో క్రికెట్ ఆడేస్తున్నారు. 2001 నుంచి 2003 వరకు మహేంద్రసింగ్ ధోనీ ఈ ఊళ్లోనే రైల్వే టికెట్ తనిఖీ ఉద్యోగం చేశాడు. అందుకే ఇక్కడ ఏ సందులో చూసినా ‘ధోనీకి బౌలింగ్ వేసినవాడు’ ఒకడు ఉంటాడు. అందరినీ లెక్కపెడితే ధోనీ ఇక ఒక్క రైలు కూడా ఎక్కి ఉండడు అనిపిస్తుంది.

నేను లెగ్‌స్పిన్ వేస్తాను. ఇంతకుముందున్న ఊళ్లో నా గూగ్లీకి మంచి పేరుండేది. ఇక్కడ మొదటి వారం బాగానే గడిచింది, నాలుగు వికెట్లు వచ్చాయి. రెండో వారం ఒకటే. మూడో వారం నేను గూగ్లీ వేద్దామని పరుగు మొదలుపెట్టగానే, గోడమీద కూర్చున్న చిన్నపిల్లలు కూడా ‘గూగ్లీ ఆష్ఛే!’ అని అరిచారు. బంగ్లాలో ‘గూగ్లీ వస్తోంది’ అని. బ్యాట్స్‌మన్ హాయిగా కాలు చాపి లెగ్‌సైడ్ కొట్టాడు. నేను బంతి ఇంకా వదలనే లేదు, వీళ్లకెలా తెలిసింది?

ఈ ప్రశ్నతోనే ఈ వ్యాసం మొదలైంది.

ముందు లెక్క చూద్దాం. క్రికెట్ పిచ్ 22 గజాలు, అంటే 20 మీటర్ల పైచిలుకు. బౌలర్ క్రీజు నుంచి బ్యాట్స్‌మన్ క్రీజుకు దూరం సుమారు 17.7 మీటర్లు. గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి ఈ దూరం దాటడానికి దాదాపు అర సెకను పడుతుంది. కంటితో చూసి చెయ్యి కదపడానికి మనిషికి సుమారు 0.2 సెకను కావాలి. కాలు కదపాలి, బ్యాట్ తిప్పాలి, అదంతా మిగిలిన కాస్త సమయంలోనే. బేస్‌బాల్‌లో పరిస్థితి ఇంకా ఇరుకు. పిచ్చర్ నిలబడే చోటు నుంచి 18.4 మీటర్లు, మంచి ఫాస్ట్‌బాల్ 0.4 సెకనులో వచ్చి పడుతుంది. కాబట్టి బంతిని చూసి ఆడటం అన్నది సగం నిజమే. మంచి బ్యాట్స్‌మన్ బంతి రాకముందే బౌలర్ ఒంటిని చదువుతాడు. చెయ్యి, మణికట్టు, భుజం, అడుగులు, ఇవన్నీ ముందుగానే కబురు చెబుతాయి.

దీన్ని పరీక్షించి చూసినవాళ్లున్నారు. 1980లలో ఆస్ట్రేలియాలో బ్రూస్ అబర్నెతీ అనే పరిశోధకుడు ఆటగాళ్లకు వీడియో చూపించి, షాట్ కొట్టే క్షణానికి ముందే దాన్ని ఆపేసి, ‘ఇది ఎక్కడ పడుతుంది?’ అని అడిగేవాడు. బ్యాడ్మింటన్‌లో కొత్తవాళ్లు రాకెట్‌ను మాత్రమే చూసి ఊహించారు. ఆరితేరినవాళ్లు దానికంటే ముందే, రాకెట్ పట్టుకున్న చేతి కదలికలోంచి కూడా సంగతి రాబట్టారు. వాళ్ల కళ్లేమీ ఎక్కువ చురుకైనవి కావు. ఎక్కడ చూడాలో తెలిసిన కళ్లు, అంతే.

ఇంకో గమ్మత్తైన సంగతి. 2004లో అమెరికా సాఫ్ట్‌బాల్ క్రీడాకారిణి జెన్నీ ఫించ్ ఒక ప్రదర్శన ఆటలో ఆల్బర్ట్ పుహోల్స్ లాంటి పెద్ద బేస్‌బాల్ వీరులకు బంతి వేసింది. వాళ్లు బంతిని తాకలేకపోయారు. సాఫ్ట్‌బాల్ పెద్దది, దూరం తక్కువే గానీ వేగమూ తక్కువ, బ్యాటర్‌ను చేరే సమయం బేస్‌బాల్‌కు దగ్గరగానే ఉంటుంది. మరెందుకు ఓడారు? ఆమె చేతిని కిందినుంచి గాలిమరలా తిప్పి వేస్తుంది. వాళ్లు ఏళ్ల తరబడి చదివింది పైనుంచి వేసే చేతిని. కొత్త చేతి భాష వాళ్లకు రాదు. ఊరు మారి కొత్త బడిలో మొదటి రోజు క్లాసులో కూర్చున్న మనలాగే అన్నమాట.

బేస్‌బాల్‌లో పిచ్చర్ తెలియకుండా తన బంతిని బయటపెట్టేయడాన్ని ‘టిప్పింగ్’ అంటారు. పిచ్చర్ బంతిని గ్లవ్‌లో దాచి పట్టు మార్చుకుంటాడు. ఛేంజప్ అనే నెమ్మది బంతికి దాన్ని అరచేతిలో లోతుగా కూర్చోబెట్టాలి. అలా చేసేటప్పుడు గ్లవ్ కాస్త విచ్చుకుంటుంది. అవతలివాళ్లకు ఆ విచ్చుకోవడం చాలు. కొందరికి మోచెయ్యి ఎత్తు మారుతుంది, కొందరు ఒక రకం బంతికి ముందు ఊపిరి గట్టిగా పీలుస్తారు. 2001 వరల్డ్ సిరీస్ ఆరో ఆటలో న్యూయార్క్ యాంకీస్ పిచ్చర్ ఆండీ పెటిట్‌ను అరిజోనా జట్టు చితక్కొట్టింది, స్కోరు 15-2. బంతి వేసేముందు అతను చేతులు దగ్గరికి తెచ్చుకునే తీరు ఒక్కో రకానికి ఒక్కోలా ఉందని వాళ్లు పసిగట్టారని తరువాత బయటికి వచ్చింది. ఇది మోసం కాదు. కెమెరాలు పెట్టి అవతలి జట్టు సైగలు దొంగిలించడం వేరే సంగతి. దానికి హ్యూస్టన్ ఆస్ట్రోస్ జట్టుకు 2020లో 50 లక్షల డాలర్ల జరిమానా పడింది. కళ్లముందు కనిపించేదాన్ని చూడటం ఆటలో భాగమే.

నాకు వీటన్నిటికంటే నచ్చింది టెన్నిస్ కథ. బోరిస్ బెకర్ సర్వీస్‌ను ఆండ్రీ అగస్సీ మొదటి మూడు ఆటల్లో ఎదుర్కోలేక ఓడిపోయాడు. తరువాత వీడియోలు చూసి చూసి ఒకటి పట్టాడు. సర్వీస్ చేసేముందు బెకర్ నాలుక బయటపెడతాడు. నాలుక పెదవి మధ్యలో ఉంటే బంతి ఒకవైపు, మూలకు ఉంటే మరోవైపు. ఆ తరువాతి 11 ఆటల్లో 10 అగస్సీయే గెలిచాడు. కష్టమైన పని నాలుకను చదవడం కాదట, చదివేశానని బెకర్‌కు తెలియకుండా చూసుకోవడమట. అందుకని చాలాసార్లు తెలిసికూడా ఊరుకునేవాడు, ముఖ్యమైన పాయింట్‌కు దాచుకునేవాడు. ఇద్దరూ ఆట మానేశాక ఈ సంగతి చెబితే బెకర్ కుర్చీలోంచి పడిపోబోయాడట.

ఇక గూగ్లీ సంగతి. దాదాపు 1900లో ఇంగ్లండ్‌లో బోసన్‌క్వెట్ అనే ఆయన దీన్ని కనిపెట్టాడు. అందుకే ఆస్ట్రేలియాలో దీన్ని ‘బోసీ’ అనేవారు. లెగ్‌బ్రేక్‌కు మణికట్టు పక్కకు తిరిగి బంతి వేళ్లమీదుగా జారుతుంది. గూగ్లీకి మణికట్టు ఇంకాస్త తిరగాలి, అప్పుడు చేతి వెనకభాగం బ్యాట్స్‌మన్‌కు కనిపిస్తుంది, బంతి చిటికెనవేలి వైపునుంచి బయటికొచ్చి అటు తిరగాల్సింది ఇటు తిరుగుతుంది. మణికట్టు అంత తిరగాలంటే భుజం సాయపడాలి. అందువల్ల చెయ్యి కాస్త ఎత్తుకు లేస్తుంది, ఎడమ భుజం వాలుతుంది, బంతి కొంచెం గాల్లోకి లేస్తుంది. తోలు బంతైతే కుట్టు ఎటు తిరుగుతోందో కూడా చూడొచ్చు. మా టెన్నిస్ బంతికి ఆ కుట్టు లేదు. అందుకే తాల్‌బగీచా పిల్లలు చేతినే చూడటం నేర్చుకున్నారు.

2001 మార్చిలో కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో మన హైదరాబాద్ వి.వి.ఎస్. లక్ష్మణ్ 281 పరుగులు చేశాడు కదా. ఆ ఇన్నింగ్స్‌లో షేన్ వార్న్ 152 పరుగులిచ్చి ఒకే వికెట్ తీశాడు. లెగ్‌స్టంప్ బయట గరుకులో పడిన బంతిని లక్ష్మణ్ ముందుకొచ్చి ఒకసారి మిడ్‌వికెట్‌కు, ఇంకోసారి కవర్స్‌కు కొట్టాడు. చేతిని అంత తొందరగా చదవకపోతే అడుగు అంత ముందుకు పడదని నా నమ్మకం. ఎదురుగా ఉన్నవాడే చదవాలని కూడా లేదు. న్యూజిలాండ్ బౌలర్ క్రిస్ కెయిర్న్స్ రివర్స్ స్వింగ్ వేస్తున్నప్పుడు సచిన్ అవతలి చివర నిలబడి అతని పట్టు చూసి, బ్యాట్‌ను ఏ చేత్తో పట్టుకున్నాడన్న గుర్తుతో ద్రావిడ్‌కు కబురు పంపేవాడు. జహీర్ ఖాన్ అయితే పరిగెడుతూ రెండో చేత్తో బంతిని కప్పేసేవాడు.

నా గుట్టు విప్పింది మా పక్క వీధి అన్నయ్య. వాళ్ల తాతగారు శ్రీకాకుళం వైపునుంచి రైల్వే పనికి వచ్చారు, అన్నయ్య పుట్టింది ఇక్కడే. మాట మాత్రం ఇంకా అక్కడిదే. ఒక ఆదివారం టీములు మార్చినప్పుడు నేను ఆయన జట్టులో పడ్డాను. వెంటనే పిలిచి అన్నాడు: “ఏటిరా, గూగ్లీ వేసే ముందు బంతివంక తలొంచి చూస్తావేటి? లెగ్‌బ్రేక్‌కి చూడవు కదా.”

“మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదన్నయ్యా?”

“ఇన్నాళ్లూ నువ్వు మా టీమ్ కాదు కదరా.”

కోపం వచ్చింది గానీ, చాలా రోజుల తరువాత ఎవరో ‘మా టీమ్’ అన్నారని లోపల బాగానే అనిపించింది.

మర్నాడు నాన్న ఫోన్‌ను స్టంప్స్ వెనక ఇటుకమీద నిలబెట్టి వీడియో తీశాం. అన్నయ్య చెప్పింది నిజమే. దాంతోపాటు భుజం వాలడం కూడా కనిపించింది. ఈ రెండూ ఒకటి కావు. బంతివంక చూడటం ఉత్త అలవాటు, దాన్ని మానొచ్చు. లేదా ప్రతి బంతికీ చూడొచ్చు. నేను రెండోదే చేశాను, ఎందుకంటే మానుదామనుకున్న ప్రతిసారీ మెడ ఇంకా బిగుసుకుపోయి మరీ తెలిసిపోయేది. భుజం వాలడం మాత్రం గూగ్లీ పుట్టే దారి, దాన్ని తీసేస్తే గూగ్లీయే ఉండదు. చేయగలిగిందల్లా అది వీలైనంత ఆలస్యంగా జరిగేలా చూడటం. బేస్‌బాల్ పిచ్చర్లూ ఇదే చేస్తారు. ప్రతి బంతికీ గ్లవ్ ఒకే ఎత్తులో, మోచెయ్యి ఒకేలా. తేడా ఏదైనా ఉంటే అది చివరి క్షణంలోనే.

ఇప్పుడు నా గూగ్లీకి మళ్లీ వికెట్లు వస్తున్నాయి, రోజూ కాదు. గోడమీది పిల్లలు ఇంకా ‘గూగ్లీ ఆష్ఛే’ అని అరుస్తూనే ఉన్నారు, కానీ లెగ్‌బ్రేక్‌కు కూడా అరుస్తున్నారు.

ఆ వీడియోలో ఇంకోటి కూడా ఉంది. అన్నయ్య వేసిన బంతులు కూడా నాలుగైదు అందులో పడ్డాయి. యార్కర్ వేసే ప్రతిసారీ పరుగు మొదలుపెట్టే ముందు కుడి చెయ్యి ప్యాంటుకు రెండుసార్లు తుడుచుకుంటాడు. మామూలు బంతికి ఒక్కసారే. ఇంకా ఆయనకు చెప్పలేదు. టీములు మళ్లీ మారతాయి కదా.