పేరు కొడితే వేరేవాళ్ల అగ్రిమెంట్.. సెర్చ్‌లో రాకుండా ఇలా ఆపండి

హైదరాబాద్: మొజంజాహీ మార్కెట్, నాంపల్లి వైపు డీటీపీ, జిరాక్స్ షాపుకెళ్లి కిరాయి అగ్రిమెంట్ టైప్ చేయించారా? ఆ ఫైల్ అదే కంప్యూటర్‌లో ఉండిపోతే, రేపు ఎవరైనా సెర్చ్‌లో మీ పేరు కొట్టినా బయటికొస్తుంది. విండోస్ ఫైల్ పేర్లతో పాటు డాక్యుమెంట్‌ లోపలి అక్షరాలనూ ముందే ఇండెక్స్ చేసి పెట్టుకుంటుంది మరి.

షాపువాళ్లు చేయాల్సింది చిన్న పనే. విండోస్ 11 సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీకి వెళ్లి, సెర్చింగ్ విండోస్ తెరవాలి. కొన్ని సిస్టమ్స్‌లో అది సెర్చ్ అనే ఉంటుంది. అక్కడ 'యాడ్ యాన్ ఎక్స్‌క్లూడెడ్ ఫోల్డర్' నొక్కి కస్టమర్ల ఫోల్డర్ ఎంచుకుంటే సరి.

అయితే ఇది తాళం కాదండోయ్! నేరుగా ఫోల్డర్ తెరిస్తే ఫైళ్లన్నీ కనిపిస్తాయి. నలుగురూ కూర్చునే సిస్టమ్ అయితే పాస్‌వర్డ్‌తో వేరే యూజర్ అకౌంట్ పెట్టుకోవాల్సిందే. కస్టమర్లు కూడా ప్రింట్ తీసుకున్నాక ఫైల్ డిలీట్ చేయించి, రీసైకిల్ బిన్ ఖాళీ చేయించుకునే కదలాలి.