పూజామందిరపు కలపకు తగిన పూత

నూతన గృహప్రవేశ సమయంలో పూజామందిరం చేయించుకోవడం మన ఇళ్ళలో ఆనవాయితీ. టేకుతో పాటు, ఆఫ్రికా అడవుల నుండి దిగుమతి అయ్యే పడాక్ వంటి గట్టి కలపలను ఎన్నుకొనేవారూ ఉన్నారు. కలపను ఎంచుకొనేటప్పుడు ఎంతో విచారించే గృహస్థులు, దానిపై వేయించవలసిన పూతను మాత్రం "బాగా మెరిస్తే చాలు" అని వదిలివేస్తూ ఉంటారు. పూత ఎంపికకు మెరుపు ప్రమాణం కాదు. ఆ కలప స్వభావమేమిటి, ఆ వస్తువు నిత్యం దేనిని భరించాలి అన్న రెండు ప్రశ్నలకు సమాధానం తెలిసినప్పుడే తగిన పూత ఏదో నిర్ణయించగలం.

కలప స్వభావం

పడాక్ మనకు పూర్తిగా అపరిచితమైన వృక్షం కాదు. శేషాచల అరణ్యాలలో పెరిగే రక్తచందనం, మన అడవులలోని వేగిస, ఆఫ్రికా పడాక్ ఈ మూడూ టెరోకార్పస్ అనే ఒకే ప్రజాతికి చెందినవి. పడాక్ చేవలోని ఎర్రని రంగు పదార్థాలు నీటిలో అంతగా కరగవు కాని, స్పిరిటులో సులభంగా కరుగుతాయి. అందువలన పడాక్ పక్కన తెల్లని కలపను పొదిగిన చోట స్పిరిటు కలిసిన పూతను కుంచెతో లాగితే, ఆ ఎరుపు తెల్లని కలపపైకి పాకుతుంది. అటువంటి పనిలో భాగాలను బిగించక ముందే విడివిడిగా పూత వేయించడం, లేదా తొలి పూతను పలుచగా పిచికారీ చేయించడం మేలు.

జిట్రేగి, దాని జాతికి చెందిన విదేశీ కలపలు, టేకు వంటివి మరొక చిక్కును కలిగిస్తాయి. వాటిలో సహజంగా ఉండే తైల పదార్థాలు పైపూతను గట్టిగా అంటనీయవు. కొన్ని జాతులలో అవి పూతను ఆరనీయవు కూడా. అవిసె నూనె, నూనె ఆధారంగా తయారైన వార్నిష్‌లు గాలిలోని ప్రాణవాయువుతో కలిసి గట్టిపడతాయి. ఆ చర్యకు కలపలోని పదార్థాలు అడ్డుపడితే, రోజులు గడిచినా పూత వేలికి జిగటగా తగులుతూనే ఉంటుంది.

లక్క చేసే మేలు

ఇటువంటి కలపకు మైనం తొలగించిన లక్కను తొలి పూతగా వేయడం చక్కని ఉపాయం. ఏటికొప్పాక బొమ్మల నునుపు ద్వారా లక్క మన తెలుగువారికి చిరపరిచితమే. స్పిరిటులో కరిగించిన లక్క, స్పిరిటు ఆవిరైపోగానే ఆరుతుంది. ప్రాణవాయువుతో దానికి పని లేదు కనుక కలపలోని తైలాలు దానిని అడ్డుకోలేవు. ముందుగా ఉప్పుకాగితంతో నునుపు చేసి, థిన్నర్‌లో తడిపిన గుడ్డతో తుడిచి, ఆ తడి ఆరగానే ఆలస్యం చేయక లక్కను పలుచగా రెండుసార్లు వేయాలి. ఆలస్యమైతే లోపలి తైలం మరల ఉపరితలానికి చేరుతుంది. పడాక్, జిట్రేగి పొడి కొందరికి చర్మానికీ శ్వాసకూ హాని చేస్తుంది కనుక రుద్దేవారు ముక్కుకు, నోటికి మాస్కు ధరించాలి.

అయితే లక్క ఒక్కటే అన్నిచోట్లా చాలదు. అది వేడికి మెత్తబడుతుంది, నీరు నిలిస్తే తెల్లని మచ్చలు పడతాయి. అభిషేక జలం, పసుపు, కుంకుమ, నూనె పడే పీఠభాగంపై, లక్క ఆరిన తరువాత పాలీయురేథేన్ పూత వేయించడం ఉచితం. చేతి స్పర్శ తక్కువగా ఉండే శిఖరానికి, చెక్కడపు పనికి లక్కపై పలుచగా తేనెమైనం రుద్దితే సరిపోతుంది. దీపజ్వాలను తట్టుకొనే పూత ఏదీ లేదు. కనుక కుందుల క్రింద ఇత్తడి పళ్ళెమో, రాతిపలకో తప్పక ఉంచాలి. దీపానికి, పైకప్పుకు నడుమ తగినంత ఎడం ఉండాలి.

మందిరం మెరవాలని కొందరు నువ్వుల నూనె, కొబ్బరినూనె పూస్తారు. అవి అవిసె నూనెవలె గట్టిపడవు. ధూళిని పట్టి, కొంతకాలానికి జిడ్డుగా మారి దుర్వాసన ఇస్తాయి.

రంగు నిలుస్తుందా?

పడాక్ ఎరుపు శాశ్వతం కాదు. వెలుతురు సోకిన కొలదీ అది క్రమంగా గోధుమవర్ణానికి తిరుగుతుంది. అతినీలలోహిత కిరణాలను అడ్డుకొనే పూతలు ఈ మార్పును ఆలస్యం చేయగలవు గాని ఆపలేవు. ఎండ నేరుగా పడని చోట మందిరాన్ని ఉంచడం ఉత్తమం. రాబోయే వర్ణాన్ని కూడా అంగీకరించగలిగినవారే ఈ కలపను ఎంచుకోవాలి.

ముహూర్తం, భద్రత

అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండలుగా చుట్టి మూలన పడవేయరాదు. నూనె ఆరేటప్పుడు పుట్టే వేడి ఆ ఉండలో నిలిచిపోయి, నిప్పు తగలకుండానే గుడ్డ అంటుకోగలదు. వాటిని ఆరుబయట ఒక్కొక్కటిగా పరచి ఆరబెట్టాలి, లేదా నీటిలో ముంచి మూత గల లోహపు డబ్బాలో ఉంచాలి.

ముహూర్తానికి ముందురోజు రాత్రి వరకూ పాలిష్ పని సాగించడం, తెల్లవారగానే అందులో దీపం వెలిగించడం అత్యంత ప్రమాదకరం. థిన్నర్, స్పిరిటు ఆవిరులు సులభంగా అంటుకుంటాయి. తాకి చూస్తే ఆరినట్లున్న పూత లోపల పూర్తిగా గట్టిపడటానికి కొన్ని వారాలు పట్టవచ్చు. కనుక ముహూర్తం నిశ్చయం కాగానే వడ్రంగితో మాట్లాడి, పూతపని కనీసం నెలరోజుల ముందే ముగిసేలా చూసుకోవాలి. అప్పటికీ వాసన పోకపోతే, దేవతామూర్తులను మరొక పీఠంపై ఉంచి పూజ జరిపించుకోవడమే వివేకం.

చివరిగా ఒక మాట. మందిరం చేయగా మిగిలిన అదే కలపముక్కపై, అనుకున్న పూతలన్నీ అదే వరుసలో వేయించి చూడండి. వారం తరువాత గోటితో నొక్కండి, నీటిచుక్క ఉంచండి, కాస్త పసుపు రుద్ది తుడవండి. ఆ చిన్న ముక్క పరీక్షకు నిలిస్తే, మీరు ఎంతో ఖర్చుతో, భక్తితో చేయించుకొన్న మందిరం కూడా నిలుస్తుంది.