ఆపదలో నగరానికి విశ్వవిద్యాలయం అండ: అపోహలు – వాస్తవాలు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం మీదే తీరం దాటింది. గంటకు దాదాపు 180 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలికి చెట్లు, కరెంటు స్తంభాలు, సెల్ టవర్లు నేలకూలి, నగరం రోజుల తరబడి చీకట్లో మగ్గింది. 2020 అక్టోబరులో కుండపోత వానకు హైదరాబాద్ కాలనీలు మునిగాయి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ పరిసరాలను ముంచేసింది. జనం మేడల మీదే పాలకూ నీళ్లకూ ఎదురుచూశారు.

ఈ మూడు నగరాల్లోనూ పేరున్న ఉన్నత విద్యాసంస్థలున్నాయి. వానల తీరు చదివినవాళ్లు, మురుగు కాలువ వాలు లెక్కగట్టగలవాళ్లు, మ్యాపులు గీయగలవాళ్లు, అంటురోగాల సంగతి తెలిసినవాళ్లు వాటిలో పనిచేస్తున్నారు. వాళ్లతో పాటు వేలమంది యువతీయువకులున్నారు. అయినా ఆపద రాగానే మనకు కలెక్టరు, మున్సిపల్ కమిషనరు, ఎన్‌డీఆర్‌ఎఫ్ గుర్తొస్తారు. పక్కనే ఉన్న వర్సిటీ గుర్తురాదు. దానికి కారణం మనలోనూ వర్సిటీల్లోనూ పాతుకుపోయిన కొన్ని అపోహలే. నిజానికి విశ్వవిద్యాలయం నగరానికి చేయగల మేలులో ఎక్కువ భాగం, ఏ ఆపదా లేని మామూలు రోజుల్లో చేయాల్సిందే.

అపోహ 1: విపత్తులు చూసుకోవడం ప్రభుత్వం పని. వర్సిటీ పని పాఠాలు, పరీక్షలు.

వాస్తవం: 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం బాధ్యత ప్రభుత్వానిదే. ఆ బాధ్యతను ఎవరూ తగ్గించలేరు. అయితే సరైన నిర్ణయం తీసుకోవాలంటే అధికారి చేతిలో సరైన లెక్క ఉండాలి. ఆ లెక్క కట్టడం పరిశోధకుల పని.

అహ్మదాబాద్‌నే చూడండి. 2010 మే నెలలో అక్కడ ఉష్ణోగ్రత 46.8 డిగ్రీలకు చేరింది. ఆ ఒక్క నెలలో మామూలుకంటే 1,344 మంది ఎక్కువగా చనిపోయారని తర్వాత తేలింది. వడదెబ్బ అని రాసిన మరణాలు చాలా తక్కువ కాబట్టి, మొత్తం మరణాల నమోదును ఎండ తీవ్రతతో పోల్చి చూశాకే అసలు నష్టం బయటపడింది. గాంధీనగర్‌లోని భారత ప్రజారోగ్య సంస్థ పరిశోధకులు నగరపాలక సంస్థతోనూ ఇతర సంస్థలతోనూ కలిసి 2013లో ఎండల కార్యాచరణ ప్రణాళిక తయారుచేశారు. దక్షిణాసియాలో ఒక నగరానికి అలాంటి ప్రణాళిక అదే మొదటిది. ఎన్ని డిగ్రీలకు ఏ రంగు హెచ్చరిక ఇవ్వాలి, ఎవరు ఎవరికి ఫోన్ చేయాలి, ఆసుపత్రి సిబ్బంది ఏం సిద్ధం చేసుకోవాలి, తాగునీరు ఎక్కడ పెట్టాలి అన్నవన్నీ అందులో ముందే రాసిపెట్టారు. దానివల్ల ఏటా వెయ్యికి పైగా మరణాలు తప్పాయని తర్వాతి అధ్యయనం అంచనా వేసింది. ఆచరణలో పెట్టింది మున్సిపాలిటీయే. కానీ ఆ లెక్క లేకుండా ఆచరణ మొదలయ్యేది కాదు. 2015 వేసవిలో మన రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వెయ్యి మందికి పైగా ఎండకు బలయ్యారని గుర్తుంచుకుంటే, ఆ లెక్క విలువ ఎంతో అర్థమవుతుంది.

మన దగ్గర నైపుణ్యానికి లోటు లేదు. 2020 మే 7న విశాఖ ఎల్‌జీ పాలిమర్స్‌లో స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయాక, జాతీయ హరిత ట్రైబ్యునల్ వేసిన కమిటీలో ఆంధ్ర విశ్వవిద్యాలయం మాజీ ఉపకులపతీ, కెమికల్ ఇంజినీరింగ్ ఆచార్యులూ సభ్యులు. ప్రమాదం తర్వాత కారణాలు వెతికిన ఆ నైపుణ్యమే, ఏ ఫ్యాక్టరీ పక్కన ఏ ఊరుంది, గాలి ఎటు వీస్తే జనం ఎటు వెళ్లాలి అన్నది ముందుగానే జనానికి చెప్పగలదు. మనం అడగాల్సింది అదే.

అపోహ 2: వర్సిటీ పరిశోధనలు జర్నళ్లకే. బస్తీవాళ్లకు అక్కరకు రావు.

వాస్తవం: హైదరాబాద్‌లో దీనికి చక్కని జవాబు ఉంది. రేకుల ఇళ్లలో, సన్నని స్లాబు కింద బతికేవాళ్లకు మే నెల పగలూ రాత్రీ నరకమే. కప్పు పగలంతా ఎండను పీల్చుకుని రాత్రి ఇంట్లోకి వదులుతుంది. ఆ కప్పు మీద ఎండను తిప్పికొట్టే తెల్లటి పూతగానీ పొరగానీ వేస్తే వేడి లోపలికి దిగడం తగ్గుతుంది. ఐఐఐటీ హైదరాబాద్ పరిశోధకులు జీహెచ్‌ఎంసీతోనూ మరికొన్ని సంస్థలతోనూ కలిసి 2017లో దేవరకొండ బస్తీలో కొద్దిపాటి ఇళ్ల మీద ఈ ప్రయోగం చేశారు. ఇంటి లోపలి వేడి సగటున 2 డిగ్రీల వరకు తగ్గింది.

రెండు డిగ్రీలంటే చిన్న మాట కాదు. ఫ్యాను తప్ప మరో దిక్కులేని ఇంట్లో పసిబిడ్డ నిద్రపోవడానికీ, వృద్ధురాలి ప్రాణం నిలవడానికీ అది సరిపోవచ్చు. ఆ చిన్న ప్రయోగంతో మొదలైన కృషి 2023లో తెలంగాణ కూల్ రూఫ్ విధానం వరకు వెళ్లింది. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకూ, 600 చదరపు గజాలు, ఆపై స్థలంలో కట్టే ఇళ్లకూ చల్లని కప్పును ఆ విధానం తప్పనిసరి చేసింది. ఇక చేయాల్సిందల్లా అసలు అవసరమున్న చిన్న ఇళ్లకు దాన్ని చేర్చడం.

అపోహ 3: చదువుకున్నవాళ్లు చెబుతారు, బస్తీ జనం వింటే చాలు.

వాస్తవం: వాన మొదలైన ఎంతసేపటికి నాలా పొంగుతుందో, నీళ్లు ముందు ఏ గల్లీలోకి వస్తాయో, మంచంపట్టిన ముసలివాళ్లు ఏ ఇంట్లో ఉన్నారో అక్కడి ఆడవాళ్లకు తెలిసినంతగా ఏ ఉపగ్రహానికీ తెలియదు. గాలి మారితే సముద్రం ఎలా ఉంటుందో విశాఖ జాలారిపేట మత్స్యకారులు తరతరాలుగా చూస్తూనే ఉన్నారు. వర్సిటీ పరికరాలకు ఈ ఎరుక తోడైతేనే పని జరుగుతుంది.

అమెరికాలోని ఫ్లింట్ నగరం దీనికి గట్టి రుజువు. 2014 ఏప్రిల్‌లో ఖర్చు తగ్గించుకోవడానికి ఆ ఊరి తాగునీటిని ఫ్లింట్ నదికి మార్చారు. ఆ నీరు పాత పైపులను తినేయడంతో సీసం కొళాయిల్లోకి చేరింది. నీళ్ల రంగు, వాసన మారాయని, పిల్లల ఒంటిపై దద్దుర్లు వస్తున్నాయని తల్లులు మొత్తుకున్నా, నీళ్లు బాగానే ఉన్నాయని అధికారులు చెబుతూ వచ్చారు. 2015లో వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయ బృందం వాళ్ల మాట విని నమూనా సీసాలు పంపింది. ఎలా పట్టాలో నేర్చుకుని, ఇల్లిల్లూ తిరిగి 250కి పైగా నమూనాలు పోగుచేసింది ఆ ఊరి ప్రజలే. పరీక్షించింది వర్సిటీ. అదే ఊళ్లో మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంతో అనుబంధమున్న పిల్లల వైద్యురాలు మోనా హన్నా-అటిషా ఆసుపత్రి రికార్డులు తీసి, చిన్నారుల రక్తంలో సీసం పెరిగిందని చూపించారు. అధికారులు దిగిరాక తప్పలేదు. ఆ ఏడాది అక్టోబరులో నీటి వనరును మళ్లీ మార్చారు. జనం దగ్గర అనుభవం ఉంది, వర్సిటీ దగ్గర పరీక్షించే సాధనం ఉంది. రెండూ కలవబట్టే నిజం నిలిచింది.

సర్వే ఫారాలు నింపించుకుని, ఫలితం ఏమైందో తిరిగొచ్చి చెప్పని పరిశోధన మాత్రం బస్తీకి ద్రోహమే. సర్వే ఎవరి ఇంట్లో చేశారో, నివేదిక మొదట వాళ్లకు తెలుగులో అందాలి.

అపోహ 4: ఆపద సమయంలో విద్యార్థులు అడ్డం తప్ప ఉపయోగం లేదు.

వాస్తవం: పద్ధతి లేని గుంపైతే అడ్డమే. పద్ధతి ఉంటే అంతకు మించిన బలం లేదు. న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో 2010 సెప్టెంబరు 4న భూకంపం వచ్చినప్పుడు కాంటర్‌బరీ విశ్వవిద్యాలయ విద్యార్థి శామ్ జాన్సన్ ఫేస్‌బుక్ ద్వారా తోటివాళ్లను పిలిచాడు. అలా స్టూడెంట్ వాలంటీర్ ఆర్మీ పుట్టింది. 2011 ఫిబ్రవరి 22న మళ్లీ వచ్చిన భూకంపం 185 మందిని పొట్టనబెట్టుకుంది. నేల అదిరినప్పుడు అడుగునున్న తడి ఇసుక ద్రవంలా మారి పైకి తన్నుకొచ్చింది. వీధులు, పెరళ్లు, ఇళ్ల ముంగిళ్లు బురదతో నిండాయి. వేలమంది విద్యార్థులు పారలు, తోపుడు బండ్లు పట్టుకుని వీధులు పంచుకుని ఆ బురద ఎత్తిపోశారు. శిథిలాల కింద చిక్కుకున్నవాళ్లను తీయడం శిక్షణ పొందిన దళాల పని. ఒంటరిగా ఉన్న వృద్ధుల వాకిలి శుభ్రం చేయడం, మంచినీళ్లు అందించడం, పలకరించడం విద్యార్థులు చేయగల పని. ఆ విభజన తెలిస్తే చాలు.

మన దేశంలో జాతీయ సేవా పథకం (ఎన్‌ఎస్‌ఎస్) 1969 నుంచి ఉంది. ఎన్‌ఎస్‌ఎస్ వాలంటీరు ఏడాదికి 120 గంటలు సేవ చేయాలన్నది నియమం. ఉన్నత్ భారత్ అభియాన్ కింద విద్యాసంస్థలు ఐదేసి గ్రామాలను దత్తత తీసుకుంటున్నాయి. గ్రామాల పని ఆగనక్కర్లేదు. కానీ ప్రహరీ అవతలి బస్తీ ఎవరి దత్తతలోనూ లేకుండా మిగిలిపోకూడదు. ఆ 120 గంటల్లో కొన్నింటిని క్యాంపస్‌కు ఆనుకున్న వార్డుకే కేటాయించి, ప్రథమ చికిత్స, వృద్ధుల జాబితా, వరద దారుల గుర్తింపు నేర్పితే, ఆపద వచ్చిన రోజు ఎవరు ఎక్కడికి పరుగెత్తాలో ముందే తెలిసిపోతుంది.

అపోహ 5: క్యాంపస్‌లో ఖాళీగా ఉన్న నేల వృథా.

వాస్తవం: కాంక్రీటు పరుచుకున్న నగరంలో వాననీరు ఇంకే చోటు, చల్లదనం మిగిలిన చోటు చాలావరకు పాత క్యాంపస్‌లే. 1974లో పుట్టిన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి దాదాపు 2,300 ఎకరాలు కేటాయించారు. అక్కడి బండరాళ్లు, కుంటలు, పొదల అడవి చుట్టుపక్కల ఐటీ కారిడార్‌కంతా ఊపిరి. దాన్ని ఆనుకున్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్ల నరికివేతను 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆపించింది. యాజమాన్యం ఎవరిదన్న వాదన ఎలా ఉన్నా, ఆ పచ్చదనం నగరానికి ఎంత అవసరమో విద్యార్థులు దేశానికంతటికీ తెలియజేశారు.

నేలను తెలివిగా వాడుకోవడం ఎలాగో బ్యాంకాక్‌లోని చులాలాంగ్‌కార్న్ విశ్వవిద్యాలయం చూపింది. నగరం నడిబొడ్డున అమ్మితే కోట్లు పలికే 11 ఎకరాల్లో 2017లో పార్కు నిర్మించింది. రూపకర్త కోచాకార్న్ వోరాఖోమ్. ఒక చివర ఎత్తుగా లేపి, నేలంతా వాలుగా మలిచారు. వాననీరు పైనుంచి చిత్తడి మొక్కల మధ్యగా జారి కింది చెరువుకు చేరుతుంది. దాదాపు 10 లక్షల గ్యాలన్ల నీటిని ఆ పార్కు పట్టి ఉంచగలదు. మామూలు రోజుల్లో అది జనం సేదదీరే చోటు. మన క్యాంపస్ మైదానాలనూ ఇలా మలచుకుంటే కింది కాలనీకి ముంపు తగ్గుతుంది.

అపోహ 6: వర్సిటీ పెద్దది, దానికేమీ కాదు.

వాస్తవం: హుద్‌హుద్‌కు ఆంధ్ర విశ్వవిద్యాలయమూ దెబ్బతింది. 2005లో కత్రినా తుఫాను న్యూ ఆర్లియన్స్‌ను ముంచినప్పుడు టులేన్ విశ్వవిద్యాలయం ఒక సెమిస్టరంతా మూతపడింది. విద్యార్థులు దేశమంతటా ఇతర వర్సిటీల్లో తలదాచుకున్నారు. అప్పట్లో ఆ నగరంలో ప్రైవేటు రంగంలో అందరికంటే ఎక్కువ మందికి ఉద్యోగాలిచ్చింది ఆ వర్సిటీయే. అది తెరుచుకుంటేనే వేల ఇళ్లలో జీతాలు, చుట్టూ దుకాణాల్లో బేరాలు. 2006 జనవరిలో తిరిగి తెరిచాక, డిగ్రీ చేతికి రావాలంటే ప్రజాసేవ చేయాల్సిందేనన్న నియమం పెట్టింది. వర్సిటీ మూతపడితే ఊరూ దెబ్బతింటుంది కాబట్టి ల్యాబుల్లో రసాయనాల భద్రత, హాస్టళ్లకు జనరేటరు, తాగునీటి నిల్వ, రికార్డులకు మరోచోట నకలు అన్నవి తప్పనిసరి. ముందు తాను నిలిస్తేనే వర్సిటీ ఊరికి ఆశ్రయమివ్వగలదు.

అపోహ 7: నీళ్లు తీశాయి, కరెంటు వచ్చింది, ఇక పని అయిపోయింది.

వాస్తవం: 1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాద్‌లో వేలమందిని బలిగొంది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. తరాలు మారాయి, భయం పోయింది, చెరువుల శిఖం భూముల్లో, నాలాల మీద ఇళ్లు వెలిశాయి. 2000 ఆగస్టులోనూ 2020లోనూ నగరం మళ్లీ మునిగింది. అధికారులు బదిలీ అవుతారు, ప్రభుత్వాలు మారతాయి. దశాబ్దాల పాటు అక్కడే ఉండి, నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో, ఎవరు ఏం కోల్పోయారో, ఏ ఏర్పాటు పనిచేసిందో, ఏది చేయలేదో రాసిపెట్టగల సంస్థ విశ్వవిద్యాలయమే.

జపాన్‌లో 2011 మార్చి 11 సునామీ తర్వాత సెండాయ్ నగరంలోని తొహోకు విశ్వవిద్యాలయం ఆ పనే చేపట్టింది. మరుసటి ఏడాదే విపత్తు శాస్త్రానికి ప్రత్యేక పరిశోధన సంస్థ పెట్టింది. ఇంజినీర్లు, వైద్యులు, చరిత్రకారులు ఒకే చోట కూర్చుంటారు. ఫొటోలు, వీడియోలు, బాధితుల మాటలు భద్రపరుస్తున్నారు. బుడమేరు వరద అనుభవాలను ఇప్పుడే రాసిపెట్టకపోతే, వచ్చే తరం మళ్లీ అదే పల్లంలో ఇల్లు కొంటుంది.

ఇక మనం అడగాల్సినవి

మీ నగరంలో వర్సిటీ ఉంటే, వార్డు కమిటీ తరఫున ఉపకులపతికి ఒక ఉత్తరం రాయండి. మా వార్డు ముంపు మ్యాపు తెలుగులో గీసి ఇవ్వండి, మా వాళ్లతో కలిసి గీయండి అని అడగండి. తుఫానుల కాలానికి ముందు ఒక రోజు మాతో కసరత్తు చేయండి అని అడగండి. ఏ హాలు, ఏ హాస్టలు మాకు ఆశ్రయమో, తాళం ఎవరి దగ్గరుంటుందో రాతపూర్వకంగా చెప్పమనండి. వర్సిటీ పెద్దలకు నా మనవి ఒక్కటే: బస్తీలో చేసిన పనికి విద్యార్థికి క్రెడిట్లు, అధ్యాపకుడికి పదోన్నతిలో గుర్తింపు ఇవ్వండి. లెక్కలోకి రాని పని ఎక్కువ రోజులు సాగదు.

1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి నూరేళ్లు పూర్తయ్యాయి. ఉస్మానియాకు అంతకుముందే పూర్తయ్యాయి. ఆ నూరేళ్లూ వాటిని పోషించింది ప్రజల సొమ్మే. వచ్చే తుఫానుకు ముందే ఈ పనులు మొదలుపెట్టడం ఆ సంస్థల బాధ్యత. మొదలుపెట్టేదాకా అడుగుతూ ఉండటం మన బాధ్యత.