కొత్త వస్తువు సరదా ఎన్నాళ్లు?

కొత్తొక వింత, పాతొక రోత అన్నారు మన పెద్దలు. ఈ సామెత తెలియనివారు మనలో లేరు. కాని కొట్టులో నిలబడి ధర అడిగే సమయాన అది జ్ఞాపకం వచ్చేవారు అరుదు.

కొత్త రిఫ్రిజిరేటరు ఇంటికి వచ్చిన నాటి సంబరం చూడండి. పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొడతాము. ఇరుగుపొరుగువారిని పిలిచి చూపిస్తాము. పిల్లలు ఊరకే తలుపు తీసి మూస్తుంటారు. రెండు నెలలు గడిచేసరికి అదీ గోడవలె ఇంటిలో ఒక భాగమైపోతుంది. చెడిపోయిన రోజున గాని దాని ఉనికి గుర్తుకు రాదు. తప్పు వస్తువుది కాదు. మార్పును కనిపెట్టడమే మనసు స్వభావం. మారకుండా ఉన్నదానిని అది త్వరలోనే పట్టించుకోవడం మానేస్తుంది. అగరువత్తి వెలిగించిన గదిలో కాసేపు కూర్చుంటే వాసన తెలియకుండా పోతుంది గదా, అలాగే.

అమెరికాలో బ్రిక్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు 1978లో ఒక పరిశోధన ప్రకటించారు. లాటరీలో పెద్ద మొత్తాలు గెలిచిన 22 మందిని, ఆ అదృష్టం పట్టని 22 మందిని ప్రశ్నించారు. గెలిచినవారు తక్కినవారికంటె చెప్పుకోదగినంత ఎక్కువ సంతోషంగా ఏమీ లేరు. పైగా స్నేహితునితో ముచ్చటించడం, ఉదయం ఫలహారం చేయడం వంటి చిన్న సంగతులలో వారికి కలిగే ఆనందం తక్కువగా ఉన్నది. కొద్దిమందిని అడిగినదే అయినా, ఇది ఆలోచింపదగిన విషయం.

కొత్తదనం ఊరకే పోదు. పోతూ పోతూ ఇంకొక కోరికను పుట్టించి పోతుంది. ఫ్రెంచి రచయిత దిదెరో 1769లో దీనిని గూర్చే ఒక వ్యాసం వ్రాశాడు. ఇంట్లో తొడుక్కునే కొత్త ఎర్రని అంగీ ఒకటి ఆయనకు వచ్చింది. దాని ముందు గదిలోని గడ్డికుర్చీ, కొయ్యబల్ల వెలవెలబోయాయి. ఒక్కొక్కటిగా వాటినీ మార్చవలసి వచ్చింది. మన ఇళ్లలో సోఫా వచ్చాక కిటికీ తెరలు, తెరలు వచ్చాక గోడల రంగు మార్చడం లేదా?

ఇప్పుడు చేతిలోని ఫోను కూడా వాయిదాల మీదనే వస్తున్నది. సరదా రెండు నెలలలో తీరిపోతుంది. వాయిదాలు మాత్రం ఏడాదికో రెండేళ్లకో గాని తీరవు. ఆ సొమ్ము పిల్లల చదువుకో, పెద్దల మందులకో కావలసినది కావచ్చు.

మరి వన్నె తరగని వస్తువులే లేవా? ఉన్నాయి. దసరాకో సంక్రాంతికో మన ఇళ్లలో పెట్టే బొమ్మల కొలువును చూడండి. అమ్మమ్మల నాటి మరపాచి బొమ్మలు పాత గుడ్డలలో చుట్టుకొని ఏడాదంతా పెట్టెలో ఉంటాయి. పండుగకు మెట్లెక్కేసరికి మళ్లీ కొత్తగా కనిపిస్తాయి. ఏడాది ఎడబాటు ఒక కారణం. పేరంటానికి వచ్చినవారు చూసి ముచ్చటపడడం, ఫలానా బొమ్మ ఎవరు తెచ్చారో ఇంటివారు చెప్పుకోవడం మరొక కారణం.

అందుచేత ఏమీ కొనవద్దని కాదు. కొనాలనిపించినదాని పేరు కాలెండరు మీద వ్రాసి ఒక నెల ఆగండి. అప్పటికీ అవసరమనిపిస్తే తప్పక కొనండి. ఉన్నదానిని తుడిచి, బాగుచేయించి, పదిమందితో పంచుకొని వాడుకోవడం పిల్లలకు నేర్పండి.